ఇల్లు చూడటానికి చెడ్డ రోజు వెతకండి

మేము హైదరాబాద్ నుంచి హనుమకొండకు కాపురం మార్చి మూడేళ్లవుతోంది. అప్పటి నుంచి ప్రతి వేసవిలోనూ తెలిసినవాళ్లు ఎవరో ఒకరు ఫోను చేస్తుంటారు. "అన్నా, మేమూ వచ్చేద్దామనుకుంటున్నాం. అద్దెలు తక్కువట కదా, రైల్లో రెండు గంటలేనట కదా" అంటారు. ఆ రెండు 'అట'ల్లో అబద్ధమేమీ లేదు. కాకపోతే వాటిని మాత్రమే నమ్మి లారీ మాట్లాడుకున్నవాళ్లలో ఇద్దరు ఏడాది తిరక్కుండానే మళ్లీ ఉప్పల్ చేరుకున్నారు.

ఇల్లు మారడానికి మంచిరోజు చూడటం మనకు అలవాటు. ఆషాఢం రాకముందే పాలు పొంగించాలి, మూఢం తగలకూడదు, జూన్‌లో బడులు తెరిచేలోగా సర్దుకోవాలి. ఇవన్నీ కలిసేసరికి మే నెలాఖరులో, మధ్యాహ్నపు ఎండలో ఇల్లు చూసి, సాయంత్రానికి అడ్వాన్సు చేతిలో పెట్టేస్తాం. ఎండాకాలంలో వరంగల్‌లో ప్రతి ఇల్లూ మెరక మీదే ఉన్నట్టు కనిపిస్తుంది. పాలు పొంగించడానికి మంచిరోజే చూసుకోండి. ఇల్లు చూడటానికి మాత్రం చెడ్డ రోజు కావాలి. గట్టి వాన పడిన మర్నాడైతే మరీ మంచిది.

ఈ ఊరి నీటి సంగతి కొంచెం తెలుసుకోవాలి. కాకతీయులు ఇక్కడ గొలుసుకట్టు చెరువులు తవ్వించారు. ఒక చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్లు కాలువ పట్టుకుని కింది చెరువుకు చేరాలి. ఇప్పుడు ఆ దారుల్లో చాలాచోట్ల కాలనీలున్నాయి. నీళ్లు మాత్రం పాత దారి మరిచిపోలేదు. 2020 ఆగస్టులో చాలా కాలనీలు మునిగాయి. 2023 జులైలో మళ్లీ మునిగాయి, ఆ వానల్లోనే భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. 2025 అక్టోబరు నెలాఖరున మొంథా తుపాను వచ్చినప్పుడు మరోసారి. ఆగస్టు, జులై, అక్టోబరు. అంటే జూన్‌లో దిగినవాడికి వానాకాలమంతా పరీక్షే.

హంటర్ రోడ్డు వైపు మేము దాదాపు ఖాయం చేసుకున్న ఇల్లు ఒకటుంది. తూర్పు ముఖం, కొత్త రంగులు, వాకిట్లో జామచెట్టు. మా ఆవిడకు వంటగది తెగ నచ్చింది. నాకే ఒక సంగతి వింతగా తోచింది. ముందుగదిలో స్విచ్‌బోర్డులన్నీ నా ఛాతీ ఎత్తులో ఉన్నాయి. గోడకు చెయ్యి ఆనిస్తే నడుము ఎత్తు వరకు రంగు పొక్కులు పొక్కులుగా తగిలింది, అంతకు పైన నున్నగా ఉంది. చెక్క తలుపు కింది అంచుకు రేకు కొట్టి ఉంది. అడిగితే ఇంటాయన "చెదలు రాకుండా" అన్నాడు. బయటికి వస్తుంటే ఎదురింటి అరుగు మీద కూర్చున్న ముసలమ్మ నన్ను పిలిచి, "ఇల్లు మంచిదే బిడ్డా. ఫ్రిజ్జు మాత్రం ఎత్తు బల్ల మీద పెట్టుకో" అంది. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. ఆ ఇల్లు మేము తీసుకోలేదు.

అందుకే గోడలు చేత్తో తడమండి. ప్రహరీ బయటి వైపు చూడండి. లోపల రంగులు వేసినవాళ్లు బయటి మరకను చాలాసార్లు వదిలేస్తారు. ఇంటాయనను వదిలి వీధి చివర ఇస్త్రీ బండి అతన్నో, పాలు పోసే మనిషినో అడగండి. "ఇక్కడికి నీళ్లు వస్తాయా" అనకండి, రావనే అంటారు. "2023లో ఎంత దాకా వచ్చాయి" అని అడిగితే చేత్తో ఎత్తు చూపిస్తారు. ఎంత వెతికినా అనుమానం తీరకపోతే మొదటి అంతస్తు తీసుకోండి, సర్టిఫికెట్లు అటక మీద పెట్టండి. ఇక ఇల్లు కొనే మాటంటారా, మొదటి ఏడాది ఆ ఊసే ఎత్తకండి. రెండు వానాకాలాలు అద్దెకు ఉంటే ఏది శిఖం భూమో (చెరువు అడుగు నేలో), ఏ వీధిలో మోరీ పొంగుతుందో మీకే తెలుస్తుంది. ఆ తర్వాత కాగితాలు చూడటం మొదలుపెట్టవచ్చు.

ఇప్పుడు ప్రయాణం. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రైలు దారి 132 కిలోమీటర్లు. రెండు గంటలన్నది ఆ దారికి మాత్రమే. మా ఇంటి నుంచి కాజీపేట స్టేషనుకు పావుగంట, ప్లాట్‌ఫాం మీద నిరీక్షణ పావుగంట, సికింద్రాబాద్‌లో దిగి మెట్రో పట్టుకుని రాయదుర్గం చేరి, అక్కడి నుంచి ఆఫీసు మెట్లెక్కేసరికి ఇంకో గంటకు పైనే. గుమ్మం నుంచి గుమ్మానికి నాకు పట్టేది నాలుగు గంటలు. తిరుగు ప్రయాణానికి మరో నాలుగు. వారానికి రెండు రోజులైతే ఇది ఒక ముచ్చట, మూడు రోజులైతే ఓపిక. అయిదు రోజులైతే మాత్రం పిల్లలు మిమ్మల్ని ఆదివారం చుట్టంలా చూస్తారు. రోజూ ఆఫీసుకు వెళ్లక తప్పని ఉద్యోగమైతే హనుమకొండ వద్దు, జనగామ చూడండి, ఇంకా నయం భువనగిరి. ఈ మాట చెబితే మా ఊరి వాళ్లకు కోపం వస్తుంది, అయినా చెప్పాల్సిందే.

కాజీపేటా, వరంగలా అన్న లెక్క కూడా ఉంది. రెండు స్టేషన్ల మధ్య పది కిలోమీటర్లే. కాకపోతే విజయవాడ నుంచి వచ్చే దారి, బల్లార్షా నుంచి వచ్చే దారి కలిసేది కాజీపేటలో. కాబట్టి అక్కడ ఆగే బళ్లు ఎక్కువ. ఇల్లు ఆ వైపు ఉంటే ఒక బండి తప్పినా ఇంకొకటి దొరుకుతుంది. పైగా రైలనేది మన ఊళ్లో పుట్టదు, ఎక్కడి నుంచో వస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో వానలకు మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. అది వరంగల్‌కు అవతలి వైపు. మనకూ సికింద్రాబాద్‌కూ మధ్య ఆ దెబ్బ ఏమీ లేదు. అయినా విజయవాడ వైపు నుంచి రావాల్సిన బళ్లు రానప్పుడు మనం ఎక్కేదేమిటి? అందుకే మీ లెక్కలో కాజీపేటలోనే బయలుదేరే బండి ఒకటైనా ఉండాలి.

నెల టికెట్ మీద చాలామందికి అపోహలున్నాయి. 150 కిలోమీటర్ల వరకు ఇస్తారు కాబట్టి వరంగల్ దాకా దొరుకుతుంది. అయితే అది జనరల్ పెట్టెకే గానీ రిజర్వేషన్ పెట్టెకు పనికిరాదు. సూపర్‌ఫాస్ట్ బళ్లకు అదనపు రుసుము కట్టాలి. వందేభారత్‌లో అసలు చెల్లదు. సోమవారం ఉదయం జనరల్ పెట్టెలో ఒంటికాలి మీద జనగామ దాకా నిలబడి చూసి, ఆ తర్వాత మీ ఇంట్లో మాట్లాడండి. ఇంకో మెలిక కూడా ఉంది. చర్లపల్లి కొత్త టెర్మినల్ 2025 జనవరిలో మొదలైంది. సికింద్రాబాద్‌లో స్టేషన్ పునర్నిర్మాణం నడుస్తున్నందున కొన్ని బళ్లను అక్కడికి మార్చారు. మీ ఆఫీసు ఉప్పల్ వైపైతే అది వరమే, మాదాపూర్ వైపైతే మరో ముప్పావుగంట కలుపుకోండి.

కారులో వెళ్దామా అంటే దారిలో గూడూరు, కోమళ్ల అని రెండు టోల్‌గేట్లున్నాయి. 2025 ఆగస్టు 15న 3000 రూపాయలకు వచ్చిన ఫాస్టాగ్ వార్షిక పాస్ చూసి మా బావమరిది ఎగిరి గంతేశాడు. దానికి 200 ట్రిప్పుల పరిమితి ఉంది, ఒక్కో గేటు దాటడం ఒక్కో ట్రిప్పు. వెళ్లి వస్తే నాలుగు. ఏడాది పాస్ యాభై ప్రయాణాలకే ఖాళీ అవుతుంది. ఇక నారపల్లి నుంచి ఉప్పల్ వరకు రోడ్డు గురించి నేను కొత్తగా చెప్పేదేముంది! 2018లో శంకుస్థాపన జరిగిన ఎలివేటెడ్ కారిడార్ కింద ఎన్ని వానాకాలాలు గడిచాయో ఆ దారిన వెళ్లే బస్సు డ్రైవర్లను అడగండి. మేడారం జాతర రోజులు కూడా గుర్తుంచుకోవాలి. రెండేళ్లకోసారి మాఘమాసంలో ఆ వారం రోడ్డు జాతరదే, ఆర్టీసీ బస్సులూ జాతరవే. ఆ వారం ఇంటి నుంచి పని చేస్తానని ఆఫీసులో ముందే అడిగి పెట్టుకోవడం మేలు.

మార్పు ఖాయం చేసుకునే ముందు ఒక వారం చుట్టాలింట్లోనో, లాడ్జిలోనో దిగి, హనుమకొండ నుంచే ఆఫీసుకు వెళ్లి రండి. అందులో ఒక సోమవారం, వాన పడే ఒక రాత్రి తప్పక ఉండాలి. ఆ రాత్రి పది దాటాక స్టేషను బయట ఆటో దొరుకుతుందో లేదో, ఎంత అడుగుతారో ఒకసారి అనుభవంలోకి రావాలి.

పిల్లల విషయంలో అందరూ బడి ఫీజు అడుగుతారు. స్థానికత గురించి ఎవరూ అడగరు. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 1 నుంచి 7వ తరగతి వరకు ఎక్కువ ఏళ్లు, అంటే నాలుగేళ్లు ఎక్కడ చదివితే పిల్లలు అక్కడి స్థానికులవుతారు. జిల్లా, జోన్ స్థాయి ప్రభుత్వ ఉద్యోగాల్లో 95 శాతం స్థానికులకే. హైదరాబాద్ చార్మినార్ జోన్‌లో ఉంది. హనుమకొండ, వరంగల్ భద్రాద్రి జోన్‌లో ఉన్నాయి. దగ్గరే కదా అనుకునే జనగామ యాదాద్రి జోన్‌లోకి వెళ్లింది. మా పెద్దది నాలుగో తరగతిలో చేరేలా ఇక్కడికి వచ్చాం కాబట్టి ఇక్కడి స్థానికురాలవుతుంది. అయిదో తరగతి మొదట్లో వచ్చి ఉంటే అక్కడి నాలుగేళ్లే లెక్కకు వచ్చేవి. ఏది మేలో ఎవరి ఆలోచన వారిది, తెలియకుండా జరగడమే తప్పు. పైగా ఊరు ఒకటే అయినా జిల్లాలు రెండు. 2021లో పేర్లు మారాక హనుమకొండ, కాజీపేట ఒక జిల్లా, వరంగల్ స్టేషను, ఖిలా వరంగల్ వైపు మరో జిల్లా. ఇల్లు ఒక జిల్లాలో, బడి ఇంకో జిల్లాలో ఉన్న ఇళ్లు ఎన్నో. లెక్కకు వచ్చేది బడి. పాత బడి నుంచి టీసీతో పాటు ప్రతి తరగతికీ బోనఫైడ్ తీసుకునే వదలండి. పదేళ్ల తర్వాత ఆ బడి ఉంటుందో, మూతపడుతుందో! తొమ్మిది పూర్తిచేసిన పిల్లలున్న ఇల్లయితే పది పరీక్షలయ్యేవరకు కదలకండి.

పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, వాళ్లు చూపించుకునే డాక్టరు ఎక్కడున్నాడన్నదే మొదటి ప్రశ్న. ప్రభుత్వాసుపత్రి ఎంజీఎం ఉంది, ప్రైవేటు ఆసుపత్రులూ ఉన్నాయి. పాత జబ్బుకు హైదరాబాద్ డాక్టరునే నమ్ముకున్నవాళ్లు ఫైళ్ల నకళ్లు ముందుగానే ఇక్కడి డాక్టరుకు ఒకసారి చూపించి పెట్టుకోవాలి. అర్ధరాత్రి అవసరపడ్డప్పుడు పరిచయాలు చేసుకుంటూ కూర్చోలేం.

కాగితాల పని పెద్ద కష్టం కాదు. రేషన్ రాష్ట్రంలో ఏ దుకాణంలోనైనా తీసుకోవచ్చు. ఓటు మార్పుకు ఫారం 8 చాలు. గ్యాస్ సిలిండరు, రెగ్యులేటరు అక్కడే అప్పగించి వోచరు తెచ్చుకోండి, నిండు సిలిండరును లారీలో సామాన్ల మధ్య వేయకండి. కరెంటు ఇక్కడ వేరే సంస్థది, ఎన్పీడీసీఎల్. పాత బకాయి లేదని బిల్లు చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.

సామాను దించే రోజు మాకు జరిగింది చెబుతాను. రావాల్సిన దానికన్నా పెద్ద లారీ వచ్చింది. మా సందులోకి వెనక్కి తిప్పుతుంటే మోరీ మీది షాబాద్ బండ చక్రం కింద పెటుక్కున విరిగింది. బీరువా, పరుపులు లారీలోనే ఉండగా చినుకులు మొదలయ్యాయి. టార్పాలిన్ ఏదని అడిగితే ఆ కుర్రాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కొత్త పొరుగింటితో మా మొదటి పలకరింపు విరిగిన బండ ఖరీదు గురించి. సందు వెడల్పు టేపుతో కొలిచి లారీవాళ్లకు ముందే చెప్పండి. టార్పాలిన్ మీరే కొనుక్కోండి.

చివరగా కోతులు. నవ్వకండి. ఇక్కడ పెరటి తలుపు తీసి ఉంచడమంటే వాటికి విందు పిలుపే. మా ఇంట్లో అవి మొదట పట్టుకుపోయింది అరటిపళ్లు కాదు, మా అమ్మ మాత్రల డబ్బా. కిటికీలకు జాలీ ఉన్న ఇల్లు చూసుకోండి, బట్టలారేసే చోటు పైకప్పు కింద ఉంటే మేలు. మేడ మీది నీళ్ల ట్యాంకు మూత తీసి అందులో స్నానం చేయడం వాటికి సరదా. మూత మీద బరువైన రాయి పెట్టండి. చిన్న రాయైతే దాన్ని కూడా ట్యాంకులోనే వేస్తాయి.