జెలటిన్, గమ్ అరబిక్‌తో కణం లాంటి బొట్లు చేసుకోవడం ఎలా

జీవం ఎలా మొదలైందో తెలియాలంటే కణం లాంటిది మనమే కట్టి చూడాలి అనేది పాత ఆలోచనే, రష్యాలో ఒపారిన్ అనే శాస్త్రవేత్త 1930ల్లోనే మొదటి కణాలు కొయాసర్వేట్ బొట్ల (నీళ్ళలో కరిగిన పెద్ద అణువులు ఒకదానికొకటి అతుక్కుని విడిపోయే బొట్లు) లాంటివై ఉండొచ్చన్నాడు. ఆ బొట్లు స్కూల్ ల్యాబ్‌లో కూడా వస్తాయి, మైక్రోస్కోప్ ఉంటే చాలు.

1 గ్రాము జెలటిన్ 100 ఎంఎల్ నీళ్ళలో కాసేపు నానబెట్టి, తర్వాత వేడిచేసి కరిగించండి. ఇంకో గ్లాసులో 100 ఎంఎల్ నీళ్ళకి అంతే గమ్ అరబిక్ (మన తుమ్మబంక లాంటిదే) కరిగించండి. రెండూ 40 డిగ్రీల దగ్గరే ఉంచాలి, చల్లారితే జెలటిన్ జెల్లీ అయిపోద్ది, ఇంక బొట్లు రావు. టెస్ట్ ట్యూబ్‌లో 5 ఎంఎల్ జెలటిన్, 3 ఎంఎల్ గమ్ పోసి మెల్లగా కలపండి.

ఇప్పుడు అసలు పని. పల్చటి హైడ్రోక్లోరిక్ యాసిడ్, లేదంటే తెల్ల వెనిగర్, ఒక్కో చుక్కే వేస్తూ ప్రతిసారీ కలిపి చూడండి, పీహెచ్ 4 దగ్గరికొచ్చేసరికి నీళ్ళు ఒక్కసారిగా పాలలా తెల్లబడతాయి, అక్కడే ఆగిపోవాలి. ఆత్రంగా ఎక్కువ పోస్తే మళ్ళీ తేటైపోద్ది, ఎందుకంటే ఆ పీహెచ్‌లో జెలటిన్‌కి ప్లస్ చార్జ్, గమ్‌కి మైనస్ చార్జ్ ఉంటాయి కాబట్టే రెండూ అతుక్కుని నీళ్ళ నుంచి విడిపోతాయి, యాసిడ్ మరీ ఎక్కువైతే గమ్ ఆ మైనస్ పోగొట్టుకుంటుంది.

ఒక చుక్క స్లైడ్ మీద పెట్టి 400 రెట్లలో చూడండి. గుండ్రటి బొట్లు, ఒకదాన్నొకటి తాకి కలిసిపోతూ కనిపిస్తాయి. పొర లేకుండానే లోపల, బయట అనే తేడా వచ్చేసింది, నాకైతే ఇదే అన్నిటికంటే గొప్ప విషయం.

పొర కూడా కావాలనుకుంటే ఒలియిక్ యాసిడ్‌తో (ఆలివ్ నూనెలో ఉండే కొవ్వు ఆమ్లం) చెయ్యాలి, పీహెచ్ 8.5 బఫర్‌లో (పీహెచ్ మారకుండా నిలిపి ఉంచే ద్రావణం) వేసి రాత్రంతా మెల్లగా తిప్పుతూ ఉంచితే అణువులు వాటంతటవే చిన్న సంచుల్లా అల్లుకుంటాయి. ఇక్కడే పెద్ద చిక్కు ఉంది, నిజమైన కణంలా ఉండాలంటే లోపల ఆర్ఎన్ఏ (జన్యు సమాచారం మోసే అణువు) కాపీ అవ్వాలి, దానికి మెగ్నీషియం కావాలి, అదే మెగ్నీషియం ఆ సంచుల్ని పాడుచేస్తుంది. 2013లో అదమల, షోస్టాక్ అనే శాస్త్రవేత్తలు సిట్రేట్ (నిమ్మ ఉప్పు లాంటి సిట్రిక్ యాసిడ్ లవణం) కలిపి రెండూ ఒకేచోట నడిచేలా చేశారు. మీరు చేసేటప్పుడు డిస్టిల్డ్ వాటరే వాడండి, బోరు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం వల్ల సబ్బు ఎలా నురగ రాదో, ఈ సంచులూ అలాగే నిలబడవు.