ఎండాకాలంలో పనిబల్ల చేయబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి

కడపలో ఏప్రిల్, మే నెలలొస్తే పిల్లలకు సెలవులు, పెద్దలకూ కాస్త తీరిక. ఇంటి వెనక రేకుల షెడ్డులో వడ్రంగి పనికి గట్టి చెక్కబల్ల ఒకటి చేసుకుందామని చాలామంది పూనుకునేది అప్పుడే. మంచి పనే, చేయండి. కానీ ఇందులో ఒక చిక్కుంది. కట్టె కదలకుండా ఉండాలనే కదా బల్ల కావాలనుకుంటాం, ఆ బల్లను మాత్రం బల్ల లేకుండానే చేయాలి. నాకు భయం వేసేది ఇక్కడే. కట్టెను నేలమీద వేసి, ఒక కాలితో తొక్కిపట్టి, వంగి మెషిన్‌తో కోసేస్తుంటారు. బ్లేడు కాస్త పట్టేసిందంటే మెషిన్ వెనక్కి ఎగిరి వచ్చేది ఆ కాలి మీదికే.

అందుకని కట్టె కంటే ముందు నాలుగు మంచి క్లాంపులు, అంటే కట్టెను కదలకుండా బిగించి పట్టే మర పట్లు, కొనండి. మోకాలి కంటే కాస్త ఎత్తులో రెండు స్టాండ్లు, ముక్కాచెక్కా కలిపి అయినా సరే, ముందు తయారుచేసుకోండి. కోసేటప్పుడు తెగి పడే కొన గాలిలో ఉండాలి. రెండు స్టాండ్ల నడుమ కోస్తే ముక్క లోపలికి కుంగి బ్లేడును బిగబడుతుంది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. మనది బండల ఊరు. బండలు కోసే కట్టర్, గ్రైండర్ ఏ వీధిలో అడిగినా దొరుకుతాయి. గ్రైండర్‌కు పళ్లున్న చెక్క బ్లేడు బిగించి కోయడం మాత్రం వద్దే వద్దు. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది, పళ్లు కట్టెలో దిగబడితే ఏ చేతికీ ఆగదు. చెక్క కోతకు సర్క్యులర్ రంపం, అంటే గుండ్రటి బ్లేడున్న చేతి రంపం మెషిన్, వాడండి, కోత అయిపోగానే దాని మూత తనంతట తానే బ్లేడును కప్పేస్తుంది. అసలు నాలుగంగుళాల మందం ఉండే బల్ల కాళ్లు, పొడుగు పలకలు ఇంట్లో కోయనక్కర్లేదు. కోతమిల్లులో కొలత చెప్పి కోయించుకుంటే ప్రమాదం సగం తగ్గినట్టే. లుంగీ, మెడలో తువ్వాలు, వదులు చొక్కా, చేతి గ్లవుజులు తిరిగే మెషిన్ దగ్గరికి రాకూడదు. కళ్లద్దాలు, చెప్పులు కాదు బూట్లు, ఇవి ఉండాలి. బ్లేడు మార్చేటప్పుడు స్విచ్ కట్టేస్తే చాలదు, ప్లగ్గే పీకేయాలి. చెమట చేతులతో పనిచేసే కాలం కాబట్టి షెడ్డుకు ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టించండి.

ఇక కట్టె. పనిబల్లకు టేకే కావాలని లేదు. వేప, తుమ్మ గట్టివి, బరువైనవి, బల్లకు బరువు మేలే. డిపోలో చేవ, అంటే మాను నడుమ ఉండే ముదురు రంగు గట్టి భాగం, ఉన్న ముక్కలే ఏరుకోండి. అంచున లేత రంగులో కనిపించే తెల్లకట్టెను పురుగు ముందు పట్టుకుంటుంది, కింద పిండిలాంటి పొట్టు రాలుతుంటే ఆ ముక్క ముట్టుకోవద్దు. పడగొట్టిన పాత మిద్దెల దూలాలు దొరికితే అంతకంటే మంచి కట్టె ఉండదు, ఏళ్లకేళ్లు ఆరినది. అయితే దూలం పొడవునా అయస్కాంతం ఆడించి, మేకులన్నీ పీకాకే మిల్లుకు తీసుకెళ్లండి. లోపల విరిగిన మేకు రంపానికి తగిలితే పళ్లు ఎగిరి ముఖానికి కొడతాయి. చవకగా ఇస్తామని ఎవరైనా ఎర్రచందనం దుంగ చూపిస్తే మాత్రం అక్కడినుంచి వచ్చేయండి. అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం. ఏ కట్టె కొన్నా రసీదు దాచుకోండి.

తెచ్చిన పలక ఆరిందో లేదో కంటితో తేల్చలేం. ఒక పలకను తూకం వేసి, బరువును దానిమీదే పెన్సిల్‌తో రాసి, నీడలో కట్టెముక్కలమీద ఎత్తిపెట్టండి. వారానికోసారి తూచండి. రెండు వారాలు వరసగా బరువు తగ్గకపోతే ఆరినట్టు. తొందరపడి ఎండలో పరిస్తే కొనల దగ్గర నుంచి బీట్లు తీస్తుంది, తుమ్మ మరీను. కొనలకు పెయింటో మైనమో పూస్తే ఆ పగుళ్లు తగ్గుతాయి.

మన వాతావరణంతో వచ్చే అసలు తంటా ఇది. మే నెలలో కట్టె బాగా ఎండి కుంచించుకుని ఉంటుంది. అక్టోబరు, నవంబరు ముసురుకు తేమ పీల్చి ఉబ్బుతుంది. పొడవులో మార్పు లెక్కలోకి రాదు, వెడల్పులోనే అంతా. రెండడుగుల వెడల్పు పై పలక మూడు నాలుగు మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతుంది. దాన్ని కింది చట్రానికి జిగురుతో, మరలతో అన్నివైపులా బిగించేస్తే ఏదో ఒకరోజు నిలువునా చీలుతుంది, లేదా చట్రం అతుకులే విడిపోతాయి. అందుకే ముందు అంచును గట్టిగా పట్టించి, వెనక బోల్టులకు గుండ్రటి బెజ్జం కాకుండా వెడల్పు వైపు సాగిన బెజ్జం తొలవండి, పెద్ద వాషరు వేసి బిగించండి. పలక వెనక్కి జరగడానికి చోటుంటుంది. షెడ్డులో నీళ్ల కూలర్ పెట్టుకుంటే గాలి పలకల మీదికి కొట్టకుండా తిప్పండి. ఒకపక్క తేమ పట్టి పలక మెలి తిరుగుతుంది.

జిగురు పని పొద్దున ఏడింటిలోపే. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు తెల్ల జిగురు పూస్తుండగానే పొర కట్టేస్తుంది, అతుకు పైకి బాగానే కనబడుతుంది కానీ పట్టదు. ముందు జిగురు లేకుండా అన్నీ కూర్చి, క్లాంపులు ఎక్కడెక్కడ పడతాయో చూసుకుని, ఆ తర్వాతే సీసా మూత తీయండి. పదకొండు నుంచి నాలుగు దాకా రేకుల కింద మెషిన్ పట్టొద్దు. కళ్లు తిరిగేది అప్పుడే, చెయ్యి తప్పేదీ అప్పుడే. మజ్జిగ తాగి పడుకోండి.

చేతులు కిందికి వదిలి నిలబడితే బల్ల ఎత్తు మీ మణికట్టు దగ్గరికి వస్తే చాలామందికి సరిపోతుంది, చిత్రిక పట్టే పని ఎక్కువైతే ఇంకొంచెం తగ్గించండి. ఊగకుండా ఉండాలంటే కాళ్లను కలుపుతూ కింద అడ్డపట్టీలు తప్పవు. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండున్నర అంగుళాల మందం ఉన్న టేకు పలకే నలభై అయిదు కిలోల చుట్టూ తూగుతుంది, ఒక్కరే ఎత్తి తిప్పకండి. షెడ్డు తలుపు వెడల్పు ముందే కొలుచుకోండి.

పొట్టును తేలికగా తీసుకోవద్దు. చెక్క పొట్టు క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెప్పింది. ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే ఆగదు, ఎన్95 మాస్కు పెట్టుకోండి. నూనెగుడ్డ ఇంకో ప్రమాదం. బల్లకు అవిసె నూనె పట్టించి, తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేస్తే నిప్పు లేకుండానే అది వేడెక్కి అంటుకోగలదు. షెడ్డు నిండా పొట్టు, పైన కాలే రేకులు. గుడ్డను నీళ్లలో ముంచి పిండి, ఆరుబయట విడిగా పరిచి ఆరనివ్వండి.

2020 నవంబరులో నివర్ తుపానుకు బుగ్గవంక పొంగి కడపలో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. పల్లంలో ఉన్నవాళ్లు బల్ల కాళ్ల కింద బండముక్కలు పెట్టి, మెషిన్‌లుంచే అర ఎత్తుగా వేసుకోండి. ముసురు తగ్గాక ఒకసారి, మళ్లీ మార్చిలో ఒకసారి బోల్టులన్నీ పానా వేసి చూడండి. కట్టె కుంచించినప్పుడు అవి వదులవుతాయి.