మృగశిరకు ముందే: కొత్తగా సాగులోకి దిగే జంటలకు జాగ్రత్తలు

తెలంగాణలో ఈ వానాకాలం నుంచే సొంత సాగు మొదలుపెడుతున్నారా? దుక్కి దున్నకముందే ఇవి చూసుకోండి.

– అసైన్డ్ భూమి (పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమి) జోలికి పోవద్దు. 1977 చట్టం ప్రకారం ఆ అమ్మకం చెల్లదు. డబ్బూ పోతుంది, భూమీ పోతుంది. "ఊళ్లో అందరూ కొంటున్నారు" అని మధ్యవర్తి చెప్పే మాట అసలే నమ్మకండి. ప్రభుత్వ భూ రికార్డుల పోర్టల్ భూభారతిలో సర్వే నంబరు, నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూములు) చూసి, ఈసీ (భూమిపై లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం) తీయించాకే బయానా ఇవ్వండి.

– బోరు నీళ్లు మే నెలలో చూడాలి. దసరాకి ఏ బోరైనా పోస్తుంది!

– పట్టా ఎవరి పేరున? ముందే మాట్లాడుకోండి. ప్రభుత్వ జీవిత బీమా పథకం రైతుబీమా వర్తించేది పట్టాదారు పాస్‌బుక్కు ఉన్నవారికే.

– పరీక్షకు మట్టి నమూనా ఎరువు వేయకముందే తీయండి, తర్వాత తీస్తే లెక్క తప్పు.

– తొలి చినుకుకే పత్తి గింజ పెట్టకండి. నల్లరేగడిలో 60–75 మి.మీ. వాన పడాలి. లేదంటే మొలకలు ఎండిపోయి మళ్లీ విత్తనం కొనాలి. పక్క చేనువాళ్లు పెట్టేశారని టెన్షన్ పడొద్దు.

– విత్తనాల బిల్లు, ఖాళీ ప్యాకెట్ దాచండి. మొలవకపోతే ఫిర్యాదుకు అవే ఆధారం.

– ఇద్దరూ ఒకేసారి ఉద్యోగం మానకండి.