రాయి కింద వేళ్లు పెట్టేముందు: సముద్రపు ముళ్ల పురుగులతో జాగ్రత్తలు

అమావాస్యకో పౌర్ణమికో సముద్రం బాగా వెనక్కి తగ్గినప్పుడు రాళ్ల మధ్య నిలిచిన మడుగులు చూడ్డానికి వెళ్లేవాళ్లు, స్నార్కెలింగ్ (మాస్క్, గాలి గొట్టం పెట్టుకుని నీటి పైనుంచి అడుగు చూస్తూ ఈదడం) కోసం మొదటిసారి పగడపు దిబ్బల మీదికి దిగేవాళ్లు ఎక్కువగా జెల్లీఫిష్ గురించో సొరచేపల గురించో టెన్షన్ పడుతుంటారు. రాయి కింద వేళ్లు పెట్టినప్పుడు తగిలేవాటి గురించి మాత్రం ఎవరూ ముందుగా చెప్పరు. వాటిలో ముఖ్యమైనవి బ్రిసిల్ వర్ములు, అంటే ముళ్ల పురుగులు. వానపాము, జలగ ఏ జాతివో ఇవీ ఆ జాతివే, అంటే ఒళ్లంతా ఉంగరాలు పేర్చినట్టు ఉండే అనెలిడా వర్గం. కాకపోతే వీటికి ప్రతి ఉంగరానికీ రెండు పక్కలా చిన్న కాళ్లలాంటివి, వాటికి ముళ్ల కుచ్చులు ఉంటాయి. ఇప్పటిదాకా గుర్తించిన రకాలే పది వేలకు పైగా ఉన్నాయి, అందులో చాలావాటి వల్ల మనకి ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది పెట్టేవి ముఖ్యంగా ఫైర్ వర్ములు. అట్లాంటిక్, కరీబియన్, మధ్యధరా తీరాల్లో హెర్మోడిసే కారుంకులాటా, ఉష్ణమండల సముద్రాల్లో చాలాచోట్ల యూరిథో కాంప్లనాటా కనిపిస్తాయి. జానెడు పొడవు, కాస్త చదునైన ఒళ్లు, ఆకుపచ్చో ఎరుపో నారింజో రంగు, రెండు అంచుల వెంబడి తెల్లటి కుచ్చులు. కదిలించనంతసేపూ ఆ కుచ్చులు పొట్టిగా, అమాయకంగా కనిపిస్తాయి. ఏదైనా తగిలిందా, ఒక్కసారిగా విచ్చుకుని పక్కలంతా తెల్లటి బ్రష్షులా అయిపోతాయి. పగడాల మీద పట్టపగలు తాపీగా పాకుతూ, మీరు దగ్గరికెళ్లినా పారిపోకుండా ఉండే రంగురంగుల పురుగు కనిపిస్తే దానికి భయం లేకపోవడానికి కారణం ఉందని అర్థం చేసుకోండి.

ఆ ముళ్లు కాల్షియం కార్బొనేట్‌తో తయారైనవి, చాలా సన్నం, చాలా పెళుసు. గొంగళి పురుగు నూగు అంటుకున్నట్టే చర్మంలోకి దిగి అక్కడే విరిగిపోతాయి, పైగా మంట పుట్టించే పదార్థం కూడా ఉంటుంది. యూరిథో నుంచి వేరుచేసిన అలాంటి పదార్థానికి కాంప్లనైన్ అని పేరు పెట్టారు. ఇది కాటు కాదు, పురుగు మన వెంటపడేదీ లేదు. మన చెయ్యే దాని దగ్గరికి వెళ్తుంది, కాబట్టి జాగ్రత్త అంతా చేతి దగ్గరే.

కంటికి కనపడని చోట చెయ్యి పెట్టకూడదు, ఇదే అసలు నియమం. ఇవి పగలు ఎక్కువగా రాళ్ల అడుగున, చచ్చిన పగడాల సందుల్లో ఉండి రాత్రి బయటికొస్తాయి. రాయి ఎత్తాలనిపిస్తే అవతలి అంచు కిందికి వేళ్లు దూర్చకుండా, పైనుంచి పట్టుకుని మీవైపు కొద్దిగా వంచి చూసి, మళ్లీ ఎలా ఉందో అలాగే మెల్లగా దించండి (తిరగేసి వదిలేస్తే దాని కింద బతికే జీవాలన్నీ ఎండకి పోతాయి). అలలు ఊపేస్తున్నప్పుడు పగడాన్ని పట్టుకుని ఆగడం చాలామందికి అలవాటు, అది పగడానికీ మంచిది కాదు, చేతికీ కాదు. నైట్ డైవ్‌లో అయితే టార్చి వేసి చూడకుండా దేన్నీ పట్టుకోకండి. పల్చటి గుడ్డ గ్లౌజుల్లోంచి ముళ్లు దిగిపోతాయి, మందపాటి నియోప్రీన్ (డైవింగ్ సూట్లకి వాడే రబ్బరు) అయితే కొంత నయం. అయితే గ్లౌజుకి అంటుకున్న ముళ్లు అక్కడే ఉంటాయి, అదే చేత్తో మొహం తుడుచుకున్నా మాస్క్ సర్దుకున్నా అవి కళ్ల దాకా వెళ్తాయి. గ్లౌజు ఉందిగా అని అన్నీ ముట్టుకునేవాళ్లని చూసే కాబోలు, కొన్ని మెరైన్ పార్కుల్లో అసలు గ్లౌజులే వేసుకోనివ్వరు. నాకైతే ఆ రూలు సబబుగానే అనిపిస్తుంది.

కాళ్లకి అడుగు గట్టిగా ఉన్న బూట్లు వేసుకోండి, చెప్పులు చాలవు. రాళ్లకి అంటుకుని ఉండే తెల్లటి సున్నపు గొట్టాలు కూడా బ్రిసిల్ వర్ముల్లోనే ఇంకో రకం వాటి ఇళ్లే, వాటి అంచులు పాదాన్ని బ్లేడులా కోసేస్తాయి. క్రిస్మస్ ట్రీ వర్మ్ అని రంగురంగుల రెండు గోపురాల్లా అందంగా విచ్చుకునేది ఈ గొట్టాల జాతిదే, నీడ పడితే చాలు లోపలికి ముడుచుకుంటుంది. దూరం నుంచి చూసి ఆనందించండి, వేలితో పొడవకండి.

కరిచేవి వేరే ఉన్నాయి. ఎర కోసం బురద తవ్వేవాళ్లకి తగిలే గ్లైసెరా అనే బ్లడ్ వర్మ్ తొండం బయటికి చాపి నాలుగు దవడలతో కరుస్తుంది, ఆ దవడల్లో రాగి ఉంటుంది, కాటుతో పాటు విషమూ ఎక్కిస్తుంది. ఇసుకలో దాక్కుని చేపల్ని లాక్కెళ్లే బాబిట్ వర్మ్ వీడియోలు చూసి భయపడేవాళ్లు చాలామంది. 2009లో జపాన్‌లో దొరికిన ఒకటి దాదాపు మూడు మీటర్లుంది. అది మనుషుల్ని వేటాడదు, కానీ ఇసుకలో కన్నం కనిపించింది కదా అని వేలు పెట్టకండి.

తుపాను తర్వాత ఒడ్డుకి కొట్టుకొచ్చిన దుంగల దగ్గర కూడా జాగ్రత్త. కాడలున్న బార్నకిల్స్ (చెక్కలకి అతుక్కుని బతికే చిన్న పెంకు జీవులు) గుత్తులు పట్టిన చెక్కల మధ్య ఫైర్ వర్ములు దాక్కుని వస్తుంటాయి, పిల్లలు ముందు అక్కడికే పరిగెడతారు. పురుగు చచ్చి ఎండిపోయినా ముళ్లు ముళ్లే. ఇక రాళ్ల మీద ఉన్నంతసేపూ పోటు ఎప్పుడు మొదలవుతుందో చూసుకుని ముందే వెనక్కి రండి, సముద్రానికి వీపు పెట్టి వంగి చూస్తూ కూర్చోవద్దు.

బ్యాగులో గట్టిగా అంటుకునే టేపు, ప్లక్కర్, చిన్న సీసాలో వెనిగర్ ఉంచండి. ముళ్లు గుచ్చుకున్నాయని తెలియగానే అందరూ చేసే పని ఆ చోటు రుద్దడం, సరిగ్గా అదే చెయ్యకూడదు, ముళ్లు ఇంకా లోపలికి పోతాయి. నీళ్లలోంచి బయటికి రండి. చర్మాన్ని వెలుతురుకి కాస్త వాలుగా పెట్టి చూస్తే తెల్లటి నూగులా మెరుస్తాయి. ఆ చోటుని మెల్లగా ఆరనిచ్చి, టేపు అతికించి, ముళ్లు నిలబడి ఉన్న దిక్కుకే లాగండి, ప్రతిసారీ కొత్త ముక్క వాడండి. ప్లక్కర్ కొంచెం పెద్ద ముళ్లకే పనికొస్తుంది, సన్నవాటిని పట్టుకుంటే పుటుక్కున విరుగుతాయి. తర్వాత వెనిగర్ రాస్తే చాలామందికి మంట తగ్గుతుంది. దురదకి హైడ్రోకార్టిసోన్ క్రీమ్ రాసుకోవచ్చు. మంట కొన్ని గంటల్లో తగ్గుముఖం పడుతుంది, ఎరుపు, దురద, తిమ్మిరి మాత్రం రోజుల తరబడి ఉండొచ్చు, దానికి కంగారు అక్కర్లేదు.

కంటికి తగిలినా, ఆయాసం వచ్చినా, మొహమో పెదాలో వాచినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి వెళ్లాలి. రెండు మూడు రోజుల తర్వాత ఎరుపు పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టర్‌కి చూపించి, సముద్రంలో గుచ్చుకున్న ముల్లు అని తప్పకుండా చెప్పండి. టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో కూడా గుర్తు చేసుకోండి.

ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం ఉన్నవాళ్లకి ఒక మాట. లైవ్ రాక్‌తో (ట్యాంకులో పెట్టే, జీవాలు పట్టి ఉన్న సముద్రపు రాయి) పాటు వచ్చే చిన్న బ్రిసిల్ వర్ములు ఎక్కువగా మిగిలిపోయిన మేత తిని ట్యాంకు శుభ్రం చేసేవే, కనిపించగానే చంపెయ్యక్కర్లేదు. తుంచితే తునకల్లోంచి మళ్లీ పెరిగేవి కూడా ఉన్నాయి. రాయి బయటికి తీసేటప్పుడు మాత్రం మందపాటి గ్లౌజు వేసుకుని, అడుగువైపు చూసి పట్టుకోండి.