పాత సోడా మిషన్ బాగుచేద్దాం, మూడో పాఠం: కూలింగ్ యూనిట్ కడగడం, రంగు వేయడం

పోయిన పాఠంలో సోడా మిషన్ (కూల్‌డ్రింక్ సీసాల్ని చల్లగా ఉంచే పాత మిషన్) కూలింగ్ యూనిట్‌ని ఒక్క ముక్కగా బయటికి లాగి బల్ల మీద పెట్టాం. నిటారుగానే ఉంచారు కదా? ఆటోలో పడుకోబెట్టి తెచ్చిన వాళ్లు కంగారు పడక్కర్లేదు, కంప్రెసర్ (గ్యాస్‌ని నొక్కి తిప్పే మోటారు డొప్ప) లోపలి ఆయిల్ పైపుల్లోకి జారి ఉంటుంది కాబట్టి ఒక రోజంతా నిలబెట్టి ఉంచండి, మళ్లీ కిందికి దిగుతుంది. ఎలాగూ ఈ పాఠంలో ప్లగ్గు పెట్టే పనే లేదు.

రంగు డబ్బా ముందే కొనేసిన వాళ్లు దాన్ని కాసేపు పక్కన పెట్టండి. ఈ పనిలో ఎక్కువ భాగం కడగడమే.

ముందు గ్యాస్ సంగతి. కంప్రెసర్, వేడిని బయటికి వదిలే కండెన్సర్, తేమని పీల్చే డ్రయర్, సన్నటి కేపిలరీ గొట్టం, లోపల చల్లబడే ఎవాపరేటర్, ఇవన్నీ కలిపి ఒకటే మూసిన దారి, అందులో గ్యాస్ ప్రెషర్‌తో ఉంటుంది. ఆ దారిని మనం ఎక్కడా తెరవం, కొయ్యం, వేడి చెయ్యం. నేమ్‌ప్లేట్ తుడిచి చదవండి, చాలా వాటిమీద ఆర్-12 అనో ఫ్రియాన్-12 అనో ఉంటుంది. ఓజోన్ పొరని తినేస్తోందని 1987 మాంట్రియల్ ఒప్పందంతో పక్కన పెట్టిన రకం ఇది, మన దేశంలో తయారీ 2008 ఆగస్టు 1 నుంచి ఆగిపోయింది. అంటే లోపలున్న గ్యాస్ పోగొట్టుకుంటే అదే గ్యాస్ మళ్లీ దొరకడం కష్టం. పైగా మంట తగిలితే ఆర్-12 విషవాయువులుగా విడిపోతుంది, కాబట్టి పాత రంగు ఊడగొట్టడానికి బ్లోలాంప్ తెస్తానన్న మేస్త్రీని మర్యాదగా టీ తాగించి పంపేయండి. 1930లు, 40ల నాటి మిషన్ అయి, ప్లేటు మీద సల్ఫర్ డయాక్సైడ్ అనో మిథైల్ క్లోరైడ్ అనో ఉంటే ఈ పాఠం మీకు కాదు, అవి మనిషికి హాని చేసే గ్యాసులు, తెలిసిన ఫ్రిజ్ మెకానిక్‌కే అప్పగించండి.

కడిగే ముందు ఒకసారి మురికినే చూడండి. తొందరపడి సర్ఫ్ నీళ్లు కొట్టేస్తే ఉపయోగపడే ఆనవాళ్లు కూడా కొట్టుకుపోతాయి. గ్యాస్ లీకయ్యే చోట దానితో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా సన్నగా బయటికొస్తుంది. మిగతా పైపంతా పొడి దుమ్ముతో బూడిదరంగులో ఉండి, ఒక్క అతుకు దగ్గర మాత్రం నల్లగా, జిడ్డుగా, వేలితో నొక్కితే ముద్దలా అంటుకుంటే అనుమానించాల్సిందే. అక్కడ సబ్బు నురగ రాసి బుడగ లేస్తుందేమో చూడండి. లేస్తే పని ఆపి మెకానిక్‌ని పిలవండి. లీకు మీద వేసిన రంగు దండగ. కేపిలరీ గొట్టం పక్క పైపుకి రాసుకుంటోందా అన్నది కూడా ఇప్పుడే చూసుకోవాలి, ఏళ్ల తరబడి అదురుకి రాసుకుని రాసుకుని రాగి అరిగి చిల్లి పడుతుంది. వంచకుండా, మధ్యలో చిన్న రబ్బరు ముక్క పెట్టండి చాలు.

ఇక కండెన్సర్. మన కోనసీమ వైపు షాపులో నడిచిన మిషన్ అయితే ఫిన్స్ (పైపులకి వరసగా ఉండే పలచటి రేకులు) మధ్య కొబ్బరి పీచు నూగు పట్టేసి ఉంటుంది, మండపేట, తణుకు వైపు రైస్‌మిల్లు పక్కన ఉన్నదైతే ఊక దుమ్ము. జిడ్డుతో కలిసి అది దుప్పటిలా అల్లుకుపోతుంది, గాలి దూరదు, కంప్రెసర్ వేడెక్కి చస్తుంది. ముందు పొడిగానే, మెత్తటి బ్రష్‌తో ఫిన్స్ ఉన్న దిక్కులోనే (అడ్డంగా రుద్దితే మడిచేస్తారు) దులిపి, బ్లోయర్‌తో ఫ్యాన్ వైపు నుంచి ఎదురు దిక్కుకి ఊదండి. మడిచిపోయిన ఫిన్స్‌ని మొండి చాకు మొనతో ఒక్కొక్కటీ నిలబెట్టాలి. విసుగు పుట్టే పనే, కానీ ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే. ఇప్పుడు అయస్కాంతం పెట్టి చూడండి: అంటుకుంటే ఇనుప ఫిన్స్, వాటికి రంగు కావాలి. అంటుకోకపోతే అల్యూమినియమో రాగో, వాటిని శుభ్రం చేసి వదిలేయండి. ఏసీ కడిగే కుర్రాళ్లు వాడే యాసిడ్ మాత్రం వద్దు.

జిడ్డు ముద్దలకి గుడ్డతో కిరసనాయిలు, తర్వాత సర్ఫ్ నీళ్లు. కంప్రెసర్‌ని స్టార్ట్ చేసే రిలే, కరెంటు ఎక్కువైతే దాన్ని ఆపేసే ఓవర్‌లోడ్, ఫ్యాన్ మోటార్ ఫోటో తీసుకుని విప్పేయండి, కెపాసిటర్ ఉంటే దాన్లో చార్జి నిలిచి ఉండొచ్చు, దాని కాళ్లని చేత్తో ముట్టుకోవద్దు. కంప్రెసర్ మీద కనిపించే మూడు పిన్నుల చుట్టూ గాజు సీలు ఉంటుంది, అక్కడ బ్రష్ కూడా కొట్టకండి, ప్లాస్టిక్ కవరు చుట్టి టేపు వేయండి. ఆఖరి కడుగుడు ఏ నీళ్లతో అన్నది మన దగ్గర పెద్ద ప్రశ్నే. రాజోలు, అంతర్వేది, మొగల్తూరు వైపు చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఆ ఉప్పు రంగు కింద ఉండిపోతే కొన్నాళ్లకి బొబ్బలు లేస్తాయి. మినరల్ వాటర్ టిన్ను ఒకటి తెచ్చుకోండి, లేదా ఏసీ నుంచి కారే నీళ్లు పట్టుకోండి, అందులో ఉప్పు దాదాపు ఉండదు. రొయ్యల చెరువుల పక్కన ఉన్న మిషన్ అయితే రెండుసార్లు కడగండి.

తుప్పుకి వైర్ బ్రష్ బేస్ పళ్లెం మీదా, కంప్రెసర్ డొప్ప మీదా మాత్రమే. పైపుల మీద ఎమిరీ పేపర్, అదీ చేతి వేళ్లతో. ఇనుప పైపు మీద లోతైన గుంటలు కనిపిస్తే గోకడం ఆపేయండి, ఆ తుప్పే లోపలి గ్యాస్‌ని ఆపుతూ ఉండొచ్చు. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. మన దగ్గర ఇళ్ల రంగుల్లో సీసానికి 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) హద్దు అమల్లోకి వచ్చిందే 2017 నవంబరులో, మరి ఈ మిషన్ వయసెంతో చూసుకోండి. అందుకని పొడిగా రుద్దకుండా తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

రంగుకి మంచి రోజులంటే సంక్రాంతి వెళ్లాక. తుఫాన్ల కార్తీకంలో మొదలుపెడితే ప్రైమర్ ఆరదు. ఏ కాలమైనా మంచు విడిచి ఇనుము ఎండకి వెచ్చబడ్డాక మొదలుపెట్టి, పొద్దు వాలకముందే ఆపేయండి. నేమ్‌ప్లేట్, పిన్నులు, గ్యాస్ నింపే ఛార్జింగ్ పైపు తోక, థర్మోస్టాట్ తీగ, రబ్బరు కాళ్లు అన్నిటికీ మాస్కింగ్ టేప్. డొప్పకీ బేస్‌కీ రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఒక కోటు, ఆరాక నల్ల ఎనామెల్ పలచగా రెండు కోట్లు. కంప్రెసర్ బాగా వేడెక్కుతుంది కాబట్టి బండ్ల ఇంజన్‌కి వేసే ఎనామెల్ దొరికితే ఇంకా మంచిది. ఇనుప ఫిన్స్‌కి మాత్రం స్ప్రే డబ్బా, దూరం నుంచి, నీడ పడ్డట్టు ఒక్క కోటు. నలుపు వేడిని బాగా వదులుతుంది కదా అని ఇంకో కోటు కొట్టేవాళ్లుంటారు, ఫ్యాన్ గాలితో చల్లబడే కండెన్సర్‌కి రంగు వల్ల ఒరిగేది తక్కువ, ఫిన్స్ మధ్య సందులు మూసుకుపోవడం వల్ల పోయేదే ఎక్కువ. ఎవాపరేటర్‌కి రంగే వద్దు, సీసాలుండే వైపు అది. గోళీసోడా పెట్టినా, రామచంద్రపురం ఆర్టోస్ కూల్‌డ్రింక్ పెట్టినా పెయింటు వాసన ఎవరికి కావాలి?

ఆరేలోపు ఫ్యాన్ మోటార్ చూసుకోండి. చాలా వాటికి రెండు చివర్లా నూనె రంధ్రాలుంటాయి, కరెంటు మోటార్లకి వేసే ఆయిల్ రెండు మూడు చుక్కలు చాలు. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె పోయకండి, జిగురై పట్టేస్తుంది. రెక్క బిగించేటప్పుడు ఫోటో చూసుకోండి, తిరగేసి బిగిస్తే గాలి సరిగ్గా ఆడదు.

వచ్చే పాఠం కరెంట్ గురించి. అప్పటికి నేమ్‌ప్లేట్ మీద వోల్టులు, సైకిళ్లు (హెర్ట్జ్) రాసి పెట్టుకోండి. అమెరికా నుంచి వచ్చిన వాటిమీద 115, 60 అని ఉంటుంది, మనది 230, 50. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టుల్ని తగ్గిస్తుంది గానీ సైకిళ్లని మార్చలేదు, ఆ మోటారు ఇక్కడ ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది. దానికేం చేయాలో చెప్పేదాకా ప్లగ్గు జోలికి వెళ్లకండి.