కొండవాగులో రాయి తిరగేసి చూడటం ఎలా: రొయ్యల, చేపల చెరువుల వైపు వాళ్ళకి

భీమవరం, అమలాపురం నుంచి అరకు వెళ్ళేవాళ్ళు బొర్రా గుహలు చూస్తారు గానీ, ఆ సున్నపురాయి కొండల్లోంచి దిగే వాగులో ఒక్క రాయైనా తిరగేయరు. ఈసారి ఆ పని చేయండి.

తెల్ల ప్లాస్టిక్ టబ్బు, టీ జల్లెడ చాలు. నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ కొలిచే డీఓ మీటర్, నీళ్ళలో కాల్షియం లాంటి ఖనిజాలు ఎంతున్నాయో చూపే హార్డ్‌నెస్ కిట్ ఉంటే మరీ మంచిది, మీటర్ ప్రోబ్ కడిగి బాగా ఆరబెట్టాకే తీసుకెళ్ళండి. చెరువులో దిగిన వల, బూట్లు మాత్రం దయచేసి వద్దు. రొయ్యల్ని చంపే వైట్ స్పాట్ వైరస్ వాటితోనే ఆగదు, పీతలకీ అంటుతుంది, దాన్ని కొండవాగు దాకా మనం మోసుకెళ్ళకూడదు.

వానాకాలంలో అసలు దిగొద్దు, పైన ఎక్కడో వాన పడితే కింద ఎండ కాస్తున్నా వాగు పొంగుతుంది.

రాళ్ళ మీదుగా నీళ్ళు గలగలా పారేచోట, చీలమండ లోతులో, అరచేతంత రాయి చూసుకుని, నీళ్ళు వెళ్ళే వైపు జల్లెడ అడ్డుపెట్టి, మెల్లగా ఎత్తి, వాగు నీళ్ళు పోసిన టబ్బులో తిరగేసి పెట్టి అడుగు చూడండి. పొట్ట పక్కల మొప్పలు ఆడిస్తూ, ఎక్కువగా మూడు తోకలతో కనిపించేది మేఫ్లై అనే ఎగిరే పురుగు పిల్ల. రెండే తోకలుండి, పొట్ట పక్కల మొప్పలు లేకపోతే స్టోన్‌ఫ్లై అనే మరో ఎగిరే పురుగు పిల్ల కావచ్చు. ఇసుక గొట్టంలా రాయికి అతుక్కున్నదాన్ని చెత్త అనుకుని గీకేయకండి, అది క్యాడిస్ పురుగు తన నోటి పట్టుదారంతో ఇసుక రేణువులు అతికించి కట్టుకున్న ఇల్లు, టబ్బు కదపకుండా కాసేపు ఆగితే తల బయటపెడుతుంది. చూడటం అయ్యాక రాయిని ఉన్నచోటే, ఉన్న వైపే పెట్టేయండి.

ఇవన్నీ అక్కడ ఎలా బతుకుతున్నాయంటే, వాన నీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని సున్నపురాయిని కరిగిస్తుంది, మనం బస్తాలకొద్దీ సున్నం చల్లి చెరువులో పెంచుకునే ఆల్కలినిటీని, అంటే ఆమ్లాన్ని తట్టుకునే గుణాన్ని, అక్కడ కొండే ఇస్తుంది. నత్త పెంకుకీ, పీత డిప్పకీ కావలసిన కాల్షియం ఆ నీళ్ళలోనే ఉంటుంది. పైగా చల్లదనం: సముద్రమట్టం దగ్గర 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 30 డిగ్రీల నీరు 7.5 దగ్గరే ఆగిపోతుంది. చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల కరెంటు బిల్లు కట్టేవాళ్ళకి ఈ తేడా విడిగా చెప్పక్కర్లేదు.

ఇంటికొచ్చాక లాకుల దగ్గర కాలవ బురద గుప్పెడు తీసి అదే జల్లెడలో కడగండి. సన్నటి ఎర్ర పురుగులు తప్ప ఇంకేమీ కనబడకపోతే అక్కడ ఆక్సిజన్ తక్కువని అనుమానించాలి, ఒంట్లో హిమోగ్లోబిన్ ఉండబట్టి అవి ఆ బురదలో తట్టుకోగలవు. మీటర్ ఆ నిమిషం సంగతే చెబుతుంది, పురుగులు మాత్రం ఆ నీళ్ళలో వారాలు, నెలలు బతికినవి. ఎర్ర పురుగులొక్కటే బోలెడు దొరికినా నీళ్ళు బాగున్నట్టు కాదు, అందుకే ఎన్ని దొరికాయన్నది కాదు, ఎన్ని రకాలు దొరికాయో రాసుకోండి.