ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అత్యావశ్యక మందులు అందుతున్నాయా: పరిశీలించే పద్ధతి

మందుల బీరువా నిండుగా కనిపించినంత మాత్రాన ఆ మందులు రోగులకు అందుతున్నాయని చెప్పలేము. పరిశీలనకు వెళ్లిన రోజున అరలో ఉన్న మాత్ర అంతకు ముందు నెలంతా లేకపోయి ఉండవచ్చు; ఉన్నా, ఏడు రోజులకు రాసిన మందును మూడు రోజులకే ఇచ్చి పంపుతూ ఉండవచ్చు. అందువల్ల పరిశీలకులు ఈ రోజు మందు ఉందా అన్న ప్రశ్న దగ్గర ఆగకూడదు. ఎన్ని రోజులు లేదు, లేని రోజుల్లో వచ్చిన రోగి ఏం చేశాడు అన్న ప్రశ్నల దాకా వెళ్లాలి.

మొదట ఏ మందులను పరిశీలించాలో తేల్చుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1977లో అత్యావశ్యక మందుల తొలి నమూనా జాబితాను వెలువరించింది. దాదాపు రెండేళ్లకొకసారి దానిని సవరిస్తూ వస్తోంది, 2007లో పిల్లల కోసం ప్రత్యేక జాబితాను కూడా ప్రారంభించింది. ఆ జాబితాలో వందల మందులు ఉంటాయి, వాటిలో అనేకం పెద్ద ఆసుపత్రులలో వాడేవి. కనుక మీ దేశపు జాబితాలో ప్రాథమిక స్థాయికి కేటాయించిన వాటి నుంచి ఇరవై, ముప్ఫై మందులను ఎంచుకుంటే చాలు. ఎంపికలో అన్ని వర్గాల రోగులూ కనిపించాలి: పిల్లల విరేచనాలకు ఓఆర్ఎస్, జింకు, కాన్పు సమయానికి ఆక్సిటోసిన్, మెగ్నీషియం సల్ఫేట్, రక్తపోటుకు ఆమ్లోడిపిన్, మధుమేహానికి మెట్‌ఫార్మిన్, ఉబ్బసానికి సాల్బ్యుటమాల్ ఇన్‌హేలర్ వంటివి.

పేరుతో పాటు మందు రూపాన్ని, మోతాదును కూడా తప్పనిసరిగా రాసుకోవాలి. అమాక్సిసిలిన్ అని మాత్రమే రాసుకుంటే, పెద్దలకిచ్చే 500 మిల్లీగ్రాముల క్యాప్సూళ్లు ఉన్నా ఆ మందు ఉన్నట్టే నమోదవుతుంది. న్యుమోనియాతో వచ్చిన పసిబిడ్డకు కావలసిన, నీటిలో కరిగే 250 మిల్లీగ్రాముల మాత్ర లేదన్న సంగతి మాత్రం మరుగున పడిపోతుంది. ఒకసారి ఎంచుకున్న జాబితాను కనీసం ఏడాదిపాటు మార్చకుండా ఉంచితేనే ఒక పరిశీలనను మరొకదానితో పోల్చడం సాధ్యమవుతుంది.

కేంద్రానికి వెళ్లాక, బాధ్యులైన వైద్యాధికారి అనుమతి తీసుకుని, ఫార్మసిస్టు సమక్షంలో ప్రతి మందునూ చేత్తో లెక్కపెట్టాలి. స్టాకు రిజిస్టరులో చూపిన నిల్వను చూసి అంకె వేసుకోకూడదు. రెండు అంకెలనూ పక్కపక్కనే రాసి తేడాను గుర్తించాలి. గడువు తీరినవి, తడిసినవి, పొడి అయినవి, తాళం చెవి వేరొకరి దగ్గర ఉండి రోగికి ఇవ్వడానికి వీలులేనివి లేనట్టే లెక్క. ముందుగా గడువు తీరే పెట్టె ముందు వరుసలో ఉందో లేదో చూడాలి. ఆక్సిటోసిన్ ఉందన్నంతలో సరిపోదు. అది 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య నిల్వ ఉండవలసిన మందు, వేడికి దాని శక్తి తగ్గిపోతుంది, శక్తి తగ్గిన ఇంజెక్షన్ కాన్పు తర్వాతి రక్తస్రావాన్ని ఆపలేకపోవచ్చు. ఫ్రిజ్ ఉష్ణోగ్రత పట్టికను చూడటంతో పాటు, కరెంటు పోయినప్పుడు, సెలవు రోజుల్లో ఏం చేస్తారో అడగాలి.

అసలు సమాచారం గడచిన ఆరు నెలల స్టాకు రిజిస్టరులో ఉంటుంది. ఒక్కొక్క మందు నిల్వ సున్నాకు చేరిన తేదీ నుంచి మళ్లీ సరఫరా అందిన తేదీ వరకు ఎన్ని రోజులో లెక్కించి, మందు లేని రోజులుగా రాసుకోవాలి. ఈ లెక్కను నేను అన్నిటికంటే ముఖ్యమైనదిగా భావిస్తాను, ఎందుకంటే తర్వాత పంపే ఇండెంటు, అంటే కావలసిన మందులను పంపమని కోరే పత్రం, కూడా దీని మీదే ఆధారపడుతుంది. ఉదాహరణకు 180 రోజుల్లో ఒక మాత్ర 2,400 ఖర్చయిందనుకుందాం. ఆరుతో భాగిస్తే నెలకు 400 అని వస్తుంది. కానీ ఆ కాలంలో 60 రోజులు ఆ మాత్ర అసలు లేకపోతే, 2,400 ఖర్చయింది 120 రోజుల్లోనే; అంటే నిజమైన అవసరం నెలకు 600. మొదటి లెక్క ప్రకారం 400 చొప్పున ఇండెంటు పెడితే, వచ్చే ప్రతి నెలలోనూ సుమారు 20 రోజులకే మందు అయిపోతుంది. అలా కొరత కొత్త కొరతను పుట్టిస్తూ పోతుంది, కాగితం మీద మాత్రం అడిగినంతా ఇచ్చినట్టే కనిపిస్తుంది.

ఈ సవరించిన నెలవారీ వాడకంతో ప్రస్తుత నిల్వను భాగిస్తే అది ఎన్ని నెలలకు సరిపోతుందో తెలుస్తుంది. ఇండెంటు పెట్టిన నాటి నుంచి సరుకు చేరడానికి పట్టే కాలం కంటే ఆ అంకె తక్కువగా ఉంటే, అరలో మందు కనిపిస్తున్నా కొరత మొదలైనట్టే భావించి వెంటనే తెలియజేయాలి.

తర్వాత రోగులతో మాట్లాడాలి. మందులిచ్చే కిటికీ దగ్గర కాకుండా, బయటికి వచ్చాక సిబ్బందికి వినపడని చోట, వారు ఇష్టపడితేనే, పేరు నమోదు చేయకుండా అడగాలి. చీటీ మీద ఎన్ని మందులు రాశారు, ఎన్ని ఇచ్చారు, రాసినన్ని రోజులకూ ఇచ్చారా, బయట కొనుక్కోమన్నారా, ఎలా వాడాలో చెప్పారా అన్నవి తెలుసుకోవాలి. నెల రోజులకు రాసిన రక్తపోటు మాత్రలు పది రోజులకే ఇస్తే, రిజిస్టరులో మందు ఇచ్చినట్టే ఉంటుంది. కూలికి వెళ్లే మనిషి మాత్రం నెలకు మూడుసార్లు పని మానుకుని రావాలి, రాలేకపోతే మాత్ర మానేయాలి. మందు లేదని తెలిసి రావడమే మానేసినవారు గేటు దగ్గర కనిపించరు కాబట్టి, దీర్ఘవ్యాధుల రిజిస్టరులో వరుసగా రెండు నెలలు రానివారి సంఖ్యను కూడా చూడాలి.

బయట కొనవలసి వస్తే ఎంతవుతుందో విచారించడం కూడా పరిశీలనలో భాగమే. ఐక్యరాజ్యసమితి సుస్థిర అభివృద్ధి లక్ష్యాలలోని 3.బి.3 సూచిక మందు దొరకడాన్ని, దాని ధర అందుబాటులో ఉండటాన్ని కలిపే చూస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, హెల్త్ యాక్షన్ ఇంటర్నేషనల్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి రూపొందించిన పద్ధతిలో, అతి తక్కువ జీతం పొందే నైపుణ్యంలేని ప్రభుత్వోద్యోగి ఎన్ని రోజుల వేతనంతో ఒక విడత చికిత్సను కొనగలడో లెక్కిస్తారు. అంతకంటే తక్కువ సంపాదించే కుటుంబాలు ఎన్నో ఉన్నందున, ఆ లెక్కలో భరించదగినదిగా తేలిన మందు కూడా చాలామందికి భారమే.

ఫలితాలను రాసేటప్పుడు శాతం ఒక్కటే ఇవ్వకండి. ఇరవై మందులలో పదహారు ఉన్నాయంటే 80 శాతం అవుతుంది. లేని నాలుగూ పిల్లల మందులే అయితే ఆ 80 శాతం తల్లిదండ్రులకు ఏ విధంగానూ ఊరటనివ్వదు. లేని మందుల పేర్లు, లేని రోజులు, కారణం పక్కపక్కనే ఉండాలి. ఇండెంటే పెట్టలేదా, పెట్టినా పంపలేదా, సగమే పంపారా, గడువు దగ్గరపడ్డ సరుకు పంపారా అన్నది విడదీసి రాస్తే, సరిదిద్దవలసింది కేంద్రమా, గిడ్డంగియా, కొనుగోలు విభాగమా అన్నది స్పష్టమవుతుంది.

ఆ నివేదికను పైకి పంపే ముందు కేంద్రం సిబ్బందికి చదివి వినిపించాలి. తప్పు పట్టడానికే వచ్చారన్న భయం కలిగితే మరుసటిసారి రిజిస్టరులో సున్నాలు కనిపించవు, కొరత మాత్రం అలాగే ఉంటుంది. ప్రతి లోపానికి ఎదురుగా దానిని సరిచేసే బాధ్యుల హోదా, గడువు తేదీ రాసి ఒక ప్రతిని అక్కడే ఉంచాలి. మూడు నెలల తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు, ఆ ప్రతిని తీసి, క్రితంసారి లేని మందులతోనే లెక్క మొదలుపెట్టాలి.